ఎండాకాలం ఏ కొండెక్కుదాం?

ఊరి పేరు చూసి కాదు, దారి చూసి బండి తీయండి. అరకు నుంచి లదాఖ్ దాకా, వేసవిలో బైకు ప్రయాణానికి కొండ దారిని ఎంచుకునే పద్ధతి ఇది.

ఏప్రిల్ చివరికి వచ్చేసరికి విజయవాడలో పొద్దున పది కాకముందే బండి సీటు మీద చెయ్యి ఆనదు. రామగుండంలో మధ్యాహ్నం రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. సరిగ్గా ఈ రోజుల్లోనే బండి ఉన్న ప్రతివాళ్లకూ కొండలు గుర్తొస్తాయి. పిల్లల పరీక్షలు అయిపోతాయి, ఆఫీసులో నాలుగు రోజులు సెలవు దొరుకుతుంది, వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ‘ఎటైనా పోదామా’ అని కదుపుతారు. అక్కడి నుంచి ఊళ్ల పేర్లు మొదలవుతాయి. ఊటీ అని ఒకరు, అరకు అని ఒకరు, ఏకంగా లదాఖ్ అని ఇంకొకరు.

ఊరి పేరుతో మొదలుపెడితే దారి సంగతి చివరికి మిగులుతుంది. కారులోనో రైల్లోనో వెళ్లేవాళ్లకు అలా సరిపోతుంది. బండి మీద వెళ్లేవాళ్లు మాత్రం రోజుకు ఆరేడు గంటలు ఉండేది దారి మీదే. ఎండ, గాలి, నీడ, దుమ్ము అన్నీ నేరుగా ఒంటికి తగిలేది అక్కడే. అందుకే దారిని ముందు ఎంచుకోవాలి, ఊరు దాని వెంట వస్తుంది.

ఆ ఎంపికలో చూసుకోవలసినవి నాలుగు. దారి ఎంత ఎత్తుకు వెళ్తుంది? చెట్ల నీడ ఎంత ఉంది? ఆ నెలలో అక్కడ ఎంత రద్దీ, ఏయే నిబంధనలు? అన్నిటికంటే ముఖ్యం, బండి పక్కకు తీసి ఆగడానికి చోటూ తీరికా ఉన్నాయా? ఈ నాలుగో ప్రశ్నను చాలామంది అడగరు. రోజుకు ఐదువందల కిలోమీటర్లు పెట్టుకున్నవాళ్లకు ఎంత అందమైన ఘాట్ అయినా ముందున్న లారీ వెనక చక్రం తప్ప ఇంకేమీ కనిపించదు.

ఎత్తు లెక్క

కొండెక్కితే చల్లబడుతుందని అందరికీ తెలుసు. ఎంత చల్లబడుతుందన్నదానికి ఒక లెక్క ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కింద మైదానంలో 42 డిగ్రీలుంటే, వెయ్యి మీటర్ల ఎత్తున్న కొండ మీద 35 దాకా ఉంటుందన్నమాట. అంటే నడిమధ్యాహ్నం అక్కడా చెమట పడుతుంది. తెల్లవారుజామున, సాయంత్రం మాత్రం హాయిగా ఉంటుంది. మన తూర్పు కనుమల్లో బండి తిరిగే దారులు చాలావరకు ఈ ఎత్తులోవే.

హార్సిలీ హిల్స్ సుమారు 1,265 మీటర్లు. సేలం పైనున్న ఏర్కాడు 1,500 దాటుతుంది. ఊటీ 2,240. అక్కడికి చేరితే కిందికంటే పద్నాలుగు డిగ్రీల తేడా, మే నెలలో కూడా రాత్రి స్వెటర్ కావాలి. లేహ్ పట్టణం 3,500 మీటర్లు. ఎండ నుంచి ఎంత దూరం పారిపోవాలనుకుంటున్నారో ముందు తేల్చుకుంటే సగం దారులు వాటంతటవే జాబితాలోంచి తప్పుకుంటాయి.

లంబసింగి సంగతి ఇక్కడే చెప్పాలి. మంచు కురిసే ఊరని దానికొచ్చిన పేరు డిసెంబరు, జనవరి నెలలది. పాడేరు దగ్గరి వంజంగి మేఘాల సముద్రం కూడా ప్రధానంగా చలికాలపు దృశ్యమే. మే నెలలో వాటి కోసమే వెళ్తే నిరాశ తప్పదు. అదే ఏజెన్సీ ప్రాంతానికి కొండ దారి కోసం వెళ్తే వేసవిలో కూడా చూడాల్సింది చాలా ఉంది.

అనంతగిరి ఎక్కి పాడేరు దిగండి

తెలుగు నేల మీద వేసవికి ఒకే ఒక్క కొండ దారి చెప్పమంటే నేను చెప్పేది విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు ఎక్కి, అక్కడి నుంచి హుకుంపేట, పాడేరు మీదుగా మాడుగుల వైపు దిగే దారి. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఒక్క పూటలో వెళ్లిపోవచ్చు, కానీ వెళ్లకండి. ఒక రాత్రి అనంతగిరిలోనో అరకులోనో, ఇంకో రాత్రి పాడేరులోనో ఉండేలా పెట్టుకుంటే ఆ దారి మీకు పూర్తిగా దక్కుతుంది.

శృంగవరపుకోట దాటాక రోడ్డు కొండ మొదలు పట్టుకుంటుంది. చీకటి విడిచీ విడవగానే అక్కడ ఉండాలి. దారి వాయవ్యంగా ఎక్కుతుంది కాబట్టి పొద్దుటి సూర్యుడు వీపు వెనక ఉంటాడు, కళ్లలో పడడు. ఎదురుగా ఉన్న కొండవాలు మీద ఏటవాలు వెలుగు పడి ప్రతి లోయా విడివిడిగా కనిపిస్తుంది. దారి పొడవునా కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఎక్కడో ఒకచోట తోడొస్తూ ఉంటుంది. సొరంగంలోంచి ఇనుప ఖనిజం రైలు బయటికొచ్చే చప్పుడు లోయంతా నిండుతుంది.

పైకి వెళ్లేకొద్దీ కాఫీ తోటలు. ఇక్కడ బండి ఆపి తోట అంచు దాకా నడవండి. పొడుగ్గా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్ల మొదళ్లను చుట్టుకుని మిరియాల తీగలు, వాటి నీడలో నడుమెత్తు కాఫీ మొక్కలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో వేసవి జల్లు ఒకటి పడితే, వారం పది రోజులకు ఈ మొక్కలు ఒక్కసారిగా పూస్తాయి. ఆకు కాడ దగ్గర కొమ్మ పొడవునా తెల్లటి పూల గుత్తులు, కొమ్మ కనిపించనంతగా. వాసన మల్లెను గుర్తుచేస్తుంది. మూడు నాలుగు రోజుల్లో పూత వాడిపోతుంది. తేదీ చెప్పి చూపించగలిగేది కాదది. జల్లు పడిందని విన్నాక బయల్దేరిన వాళ్లకు దొరుకుతుంది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పొడిని పండే చోటే కొనుక్కుని తెచ్చుకోవడంలో ఒక తృప్తి ఉంది.

అరకు నుంచి పాడేరు దారిలో రద్దీ సగానికి పడిపోతుంది. టూరిస్టు బస్సులు చాలావరకు అరకు నుంచే వెనక్కి తిరుగుతాయి. ఇక్కడి నుంచి వారపు సంతలు, పనస చెట్లు, రోడ్డు పక్కన ఎండబెట్టిన చింతపండు, పసుపు. ఈ దారిలో కొంత భాగం రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారిది. విస్తరణ పనులు జరిగిన, జరుగుతున్న చోట్ల కంకర, ఎర్రమట్టి ఉంటాయి. వేసవి జల్లుకు ఆ మట్టి సబ్బులా జారుతుంది. బయల్దేరే ముందు రోజు అక్కడివాళ్లెవరినైనా అడిగి తెలుసుకోవడం మంచిది.

చైత్ర మాసంలో వెళ్తే గిరిజన గూడేల్లో ఇటుకల పండుగ. మగవాళ్లు వేటకు వెళ్లే ఆ రోజుల్లో ఆడవాళ్లు పాటలు పాడుతూ రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి వచ్చే పోయే బళ్లను ఆపి పండుగ చందా అడుగుతారు. చిల్లర జేబులో ఉంచుకోండి, విసుక్కోకుండా ఇవ్వండి. వాళ్ల పండుగ పూట వాళ్ల వాకిట్లోంచి వెళ్తున్నాం. మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతర వస్తుంది. ఆ మూడు రోజులూ జాతర చూడాలనుకుంటేనే అటు వెళ్లండి. దారి కోసమే అయితే తేదీలు తప్పించుకోండి.

పాడేరు నుంచి మాడుగుల వైపు దిగే ఘాట్ అనంతగిరికంటే ఇరుకు, మలుపులు కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి. ఈ ఘాట్‌లో మోదకొండమ్మ పాదాల దగ్గర బళ్లన్నీ ఒక్క క్షణం ఆగి దండం పెట్టుకుని కదులుతాయి. మీరూ ఆగండి. బ్రేకులు చల్లారడానికి అంతకంటే మంచి చోటు లేదు. కిందికి దిగాక మాడుగులలో గోధుమ పాలతో, నేతితో చేసే హల్వా ఎదురుచూస్తూ ఉంటుంది.

మారేడుమిల్లి: నీడ కోసం

రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు వైపు వాళ్లకు దగ్గరి కొండ దారి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి. ‘పుష్ప’ సినిమా షూటింగుతో ఈ అడవి రాష్ట్రమంతటికీ తెలిసింది. ఎత్తు లెక్కన చూస్తే ఇది వేసవి విడిది కాదు. ఇక్కడ చల్లదనం ఎత్తు వల్ల రాదు, నీడ వల్ల వస్తుంది. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు సాగే ఘాట్‌లో చెట్లు రోడ్డు మీదికి వంగి కలుసుకుంటాయి. వెదురు పొదల కింద నుంచి వెళ్తుంటే హెల్మెట్ లోపలికి తడి ఆకుల వాసన వస్తుంది.

మార్చి, ఏప్రిల్‌లలో తెల్లవారుజామున ఈ ప్రాంతంలో ఇప్పపూలు రాలుతాయి. ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో చెట్ల కింద ఉంటారు. వాళ్లు రోడ్డు దాటుతూ ఉంటారు కాబట్టి ఆ వేళ బండి నెమ్మదిగా నడపాలి. జలపాతాల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. అవి వానాకాలం తర్వాతే నిండుగా ఉంటాయి.

ఈ దారిలో ఒక మెలకువ అవసరం. పటంలో చూస్తే మారేడుమిల్లి నుంచి చింతూరు దిగి భద్రాచలం వెళ్లిపోవడం ఆకర్షణీయంగా కనిపిస్తుంది. వేసవిలో ఆ దిగువ నేల, భద్రాచలం, కొత్తగూడెం ప్రాంతం, రెండు రాష్ట్రాల్లోనూ బాగా కాగే చోట్లలో ఒకటి. ఘాట్ సగం దాకా వెళ్లి, ఒక వాగు పక్కన కూర్చుని, వచ్చిన దారినే వెనక్కి తిరగడం మేలు. వెనక్కి వచ్చేటప్పుడు అదే అడవి వేరే వైపు నుంచి వేరేగా కనిపిస్తుంది. మధ్యాహ్నానికి మారేడుమిల్లి చేరితే బొంగు చికెన్ నిప్పుల మీద కాలుతూ ఉంటుంది. సీజనులో దారి పక్కన జీలుగు కల్లు కూడా అమ్ముతారు. ఘాట్ మిగిలి ఉండగా దాన్ని ముట్టుకోకండి.

నల్లమలకు వానలు పడనివ్వండి

హైదరాబాద్ వాళ్లకు కొండ దారి అనగానే గుర్తొచ్చేది శ్రీశైలం. మన్ననూరు నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా, పాతాళగంగ మలుపుల దాకా అది నిజంగా గొప్ప దారి. కానీ ఏప్రిల్, మే నెలల్లో నల్లమల ఆకు రాల్చిన అడవి. నీడ ఉండదు, బండరాయి వేడి చిమ్ముతుంది, జంతువులు నీళ్ల కోసం రోడ్లు దాటుతుంటాయి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అటవీ గేట్లు మూసేస్తారు కాబట్టి రాత్రి చల్లదనంలో వెళ్దామన్నా కుదరదు. జూలై చివర, రెండు మూడు మంచి వానలు పడ్డాక ఇదే దారి చూడండి, పచ్చటి అడవిలో ఇంకో లోకంలా ఉంటుంది. ఈ వేసవికి దాన్ని వదిలేయండి.

రాయలసీమ నుంచి దక్షిణానికి

అనంతపురం, చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లకు అదృష్టం ఎక్కువ. మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్‌కు స్థానికంగా ఏనుగు మల్లమ్మ కొండ అని పేరు. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ వేసవి విడిదిగా ఎంచుకోవడంతో ఇప్పటి పేరు వచ్చింది. ఘాట్ చిన్నదే, కొత్తగా కొండ మీద బండి నడపడం నేర్చుకునేవాళ్లకు చక్కటి బడి.

సరిహద్దు దాటితే తమిళనాడులో మెట్లు మెట్లుగా కష్టం పెరిగే దారులున్నాయి. ఏలగిరికి 14 హెయిర్‌పిన్ మలుపులు. సేలం నుంచి ఏర్కాడుకు 20. పొళ్లాచ్చి దగ్గరి ఆళియార్ నుంచి వాల్పారైకి 40. తొమ్మిదో మలుపు దగ్గర నుంచి ఆళియార్ జలాశయం మొత్తం కనిపిస్తుంది. నామక్కల్ జిల్లాలో కొల్లిమలకు ఏకంగా 70. ఈ వరసలోనే వెళ్లండి. ఏలగిరి సులువుగా ఎక్కినవాళ్లకు ఏర్కాడు, ఏర్కాడు తర్వాత వాల్పారై. మొదటిసారే కొల్లిమల ఎక్కితే నలభయ్యో మలుపు దగ్గరికి మణికట్లు లాగేస్తాయి. తర్వాత చూపు రోడ్డు మీద తప్ప చుట్టుపక్కల నిలవదు. చూడ్డానికి వెళ్లిన వాళ్లకు అదో నష్టం.

నీలగిరి: నిబంధనలు ముందు, ఊటీ తర్వాత

వేసవిలో దక్షిణాదిన నిజమైన చలి కావాలంటే నీలగిరి కొండలే. దొడ్డబెట్ట శిఖరం 2,637 మీటర్లు. ఆ సంగతి అందరికీ తెలియడమే దాని కష్టం. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్‌లకు ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2025 వేసవిలో ఊటీకి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలు, కొడైకెనాల్‌కు 4,000, 6,000 అని హద్దు పెట్టారు. ఏ ఏటి నిబంధన ఆ ఏడు చూసుకుని ఆన్‌లైన్‌లో పాస్ తీసుకున్నాకే బయల్దేరాలి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నీళ్ల సీసాలు జిల్లాలో నిషేధం, కాబట్టి స్టీలు సీసా పెట్టుకోండి.

మైసూరు వైపు నుంచి వస్తే బండీపూర్, ముదుమలై అడవుల్లో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా రాకపోకలు బంద్. మసినగుడి నుంచి 36 మలుపుల కల్హట్టి ఘాట్ ఎక్కడానికి వీలుంది, కానీ బయటి జిల్లాల బళ్లు ఆ దారిన దిగడానికి ఒప్పుకోరు. ఆ వాలు మీద బ్రేకులు పట్టు తప్పి చాలా ప్రమాదాలు జరిగాయి. గూడలూరు మీదుగా దిగాలి.

నా మటుకు నాకు నీలగిరిలో ఎంచదగిన దారి కోటగిరిది. మేట్టుపాళయం నుంచి కూనూరు మీదుగా ఎక్కి, ఊటీలో ఆగకుండా కోటగిరి చేరి, అక్కడ రెండు రాత్రులుండి, కోటగిరి ఘాట్ మీదుగా మేట్టుపాళయం దిగడం. ఊటీ పూల ప్రదర్శన మే నెలలో జరుగుతుంది, ఆ వారంలో మెయిన్ రోడ్లు కిక్కిరిసిపోతాయి. కోటగిరిలో అప్పుడు కూడా తేయాకు తోటల మధ్య గంటసేపు కూర్చుంటే నాలుగు బళ్లు దాటుతాయి.

హైదరాబాద్ నుంచి ఊటీ సుమారు 850 కిలోమీటర్లు. వెళ్లడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు, అదీ మైదానపు ఎండలో. వారం రోజులు చేతిలో లేకపోతే బండిని రైల్లో వేసి కోయంబత్తూరులో దించుకోండి. స్టేషన్ పార్సిల్ ఆఫీసులో సీ బుక్కు జిరాక్సు, గుర్తింపు కార్డు ఇవ్వాలి, ట్యాంకులో పెట్రోలు ఖాళీ చేయాలి, అద్దాలు, హెడ్‌లైటు గోనెపట్టాతో కట్టించాలి. ఆ ఖర్చుకు మీకు కొండ మీద రెండు రోజులు ఎక్కువ దొరుకుతాయి.

కేరళను నైరుతి రుతుపవనం సాధారణంగా జూన్ 1కి తాకుతుంది. పడమటి కనుమల దారులన్నీ, మున్నార్ అయినా చిక్‌మగళూరు అయినా, ఆ లోపే ముగించుకోవాలి.

లదాఖ్: ఎక్కేది శ్రీనగర్ నుంచి

జూన్‌లో మృగశిర కార్తె పెట్టి మన దగ్గర వానలు మొదలయ్యే వేళకు హిమాలయాల అసలు కాలం వస్తుంది. లేహ్‌కు దారులు ప్రధానంగా రెండు, మనాలీ నుంచి ఒకటి, శ్రీనగర్ నుంచి ఒకటి. మనాలీ దారికి పేరు ఎక్కువ. 2020 అక్టోబరులో తెరిచిన 9 కిలోమీటర్ల అటల్ సొరంగం దాన్ని 46 కిలోమీటర్లు తగ్గించింది కూడా. అయినా పైకి వెళ్లడానికి శ్రీనగర్ దారినే ఎంచుకోవాలి. కారణం మన రక్తంలో ఉంది.

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. ఐదువేల మీటర్ల దగ్గర ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రతీరంలో ఉన్నదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. దానికి ఒళ్లు అలవాటుపడాలంటే రోజులు కావాలి. మనాలీ సుమారు 2,050 మీటర్లు. అక్కడి నుంచి బయల్దేరిన వాళ్లు ఒకటి రెండు రోజుల్లోనే 4,800 దాటిన బారాలాచా కనుమ ఎక్కి, 4,200 పైనున్న సర్చూలో పడుకోవలసి వస్తుంది. చాలామందికి అక్కడే తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. శ్రీనగర్ దారి అలా కాదు. జోజి లా కనుమ 3,528 మీటర్లు ఎక్కి మళ్లీ దిగుతుంది, రాత్రికి 2,700 మీటర్ల లోపున్న కార్గిల్‌లో పడుకోవచ్చు. మర్నాడు ఆ దారిలో అన్నిటికంటే ఎత్తైన ఫోటు లా 4,108 మీటర్లు దాటి లేహ్ చేరతారు. ఎక్కడం, దిగడం, పడుకోవడం, ఈ వరస ఒంటికి సరిపోతుంది. లేహ్‌లో రెండు పూర్తి రోజులు బండి ముట్టుకోకుండా ఉండి, ఆ తర్వాతే ఖార్దుంగ్ లా కనుమ మాట ఎత్తాలి. అప్పటికి ఒళ్లు కుదురుకుంటుంది కాబట్టి తిరుగు దారిలో టంగ్‌లంగ్ లా, సర్చూ, మనాలీ వైపు ధైర్యంగా దిగవచ్చు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, మాట తడబడుతున్నా ఆలోచించకుండా కిందికి దిగిపోవాలి.

జోజి లా కింద ఇప్పుడు సుమారు 13 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నది హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ సంస్థ. అది పూర్తయితే శీతాకాలంలో కూడా లదాఖ్‌కు రోడ్డు తెరిచి ఉంటుంది. కనుమ మీది పాత దారిలో అప్పటికి రాకపోకలు తగ్గిపోతాయి. చూడాలనుకునేవాళ్లు ఇప్పుడే చూడాలి.

ఇంజనుకూ ఆక్సిజన్ కావాలి కాబట్టి బండి బలం కూడా తగ్గుతుంది, కనుమల దగ్గర రెండో గేరు దాటి ఎక్కదు, కంగారు పడనక్కర్లేదు. మనాలీ వైపు నుంచే ఎక్కేవాళ్లు టాండీ బంకు దగ్గర ట్యాంకు నింపుకోకుండా కదలకండి. తర్వాతి బంకు 365 కిలోమీటర్లు అని రాసిన బోర్డుతో ప్రసిద్ధికెక్కిన బంకు అది. మనాలీలోనో శ్రీనగర్‌లోనో అద్దెకు తీసుకున్న బళ్లను లేహ్ చుట్టుపక్కల పాంగాంగ్, నుబ్రా వైపు తిరగనివ్వరు. సొంత బండి అయితే ఇబ్బంది లేదు. భద్రతా పరిస్థితులు మారుతుంటాయి, బయల్దేరే ముందు ప్రభుత్వ సూచనలు చూసుకోవాలి.

మలుపు దగ్గర

దారి ఏదైనా, హెయిర్‌పిన్ మలుపు దగ్గర పని ఒకటే. ఎడమ వైపు తిరిగే మలుపులో మనకు దక్కేది లోపలి అంచు. వాలు అక్కడే బాగా నిటారుగా ఉంటుంది. పై గేరులో వచ్చిన బండి సరిగ్గా అక్కడే గునిసి ఆగిపోతుంది, ఆగిన బండి వెనక్కి జారుతుంది. మలుపుకు ముందే గేరు తగ్గించి, సన్నగా యాక్సిలరేటర్ ఇస్తూ, చూపు మలుపు అవతలి కొస మీద పెట్టాలి. ముందు చక్రం వైపు చూస్తే బండీ అటే వెళ్తుంది. కుడి మలుపులో మనకు వెడల్పు దొరుకుతుంది, కానీ బయటి అంచున కంకర పేరుకుని ఉంటుంది. దానికి భయపడి లోపలికి కోస్తే దిగి వస్తున్న బస్సు ముందు ఉంటాం. పొడుగు బస్సుకు మలుపు తిరగడానికి రోడ్డంతా కావాలి. హారను వినబడితే మలుపు ముందే ఆగి దాన్ని పోనివ్వండి. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది ఘాట్ మర్యాద, నిబంధన కూడా.

ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలి. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు మిగుల్చుకుందామనుకుంటే బ్రేకులు కాలి పట్టు వదులుతాయి. స్కూటర్లకు గేర్లు ఉండవు కాబట్టి ఇంజను పట్టు తక్కువ, ప్రతి నాలుగైదు కిలోమీటర్లకు ఆగి బ్రేకులు చల్లారనివ్వాలి. కాలిన వాసన వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం.

బయల్దేరే ముందు

టైర్ల గాట్లు, బ్రేకు ప్యాడ్లు, చైను బిగువు మెకానిక్కుతో చూపించండి. క్లచ్ కేబులు, పంక్చర్ కిట్, చిన్న గాలి పంపు పెట్టుకోండి. సీ బుక్కు, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు ఫోనులోనే కాకుండా చేతిలో కూడా ఉండాలి, కొండల్లో సిగ్నల్ ఉండదు. కొంత నగదు ఉంచుకోండి.

మైదానం దాటేటప్పుడు తెల్లవారుజామున ఐదుకు మొదలుపెట్టి పదకొండుకల్లా నీడకు చేరండి. గాలి తగిలితే చల్లగా ఉంటుందనుకుని పలచటి చొక్కాతో నడుపుతాం. నలభై డిగ్రీలు దాటిన గాలి ఒంటిని చల్లబరచదు, వేడెక్కించి నీరు లాగేస్తుంది. లోపల తడిపిన నూలు బనీను, పైన జాకెట్ వేసుకుంటే ఒంటికి మేలు. మజ్జిగ, ఉప్పు కలిపిన నిమ్మనీళ్లు గంటకోసారి తాగాలి. ఏప్రిల్, మే నెలల్లో కొండల మీద మధ్యాహ్నం తర్వాత ఉరుములు, పిడుగులు వస్తాయి. రెండు గంటలకల్లా బండి స్టాండు వేసేలా రోజును కుదించుకోండి.

ఒక్క ఘాట్ చాలు

ఇంత చెప్పాక నా మాట ఇదీ. ఏప్రిల్ అయితే అనంతగిరి, పాడేరు. మే నెల అయితే కోటగిరి. జూన్ దాటాక సెలవు రెండు వారాలుంటే శ్రీనగర్ మీదుగా లేహ్. మూడింట్లో ఒకటే ఎంచుకోండి, కొండ దారిలో వీలైనంతవరకు రోజుకు 150 కిలోమీటర్లు మించకుండా పెట్టుకోండి, కొండ మీద కనీసం రెండు రాత్రులు ఉండండి. ఎక్కువ ఊళ్లు చుట్టిన వాళ్లకంటే ఒక్క ఘాట్‌ను పొద్దున, సాయంత్రం చూసినవాళ్లకే కొండలు బాగా గుర్తుంటాయి.

వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ పెట్టండి. తాగిన సీసా, తిన్న కవరు మీతోనే కిందికి తీసుకురండి. గూడేల దగ్గర బండి నెమ్మది చేయండి. మనం రెండు రోజులు సరదాగా తిరిగే ఆ రోడ్డు మీదే అక్కడి పిల్లలు రోజూ బడికి నడిచి వెళ్తారు. క్షేమంగా వెళ్లి రండి.